సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? టైమింగ్ బెల్ట్ బిల్లు అడగండి

నల్గొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా పాత కారు బేరానికి వెళ్తే మనం టైర్లు, ఏసీ, పెయింట్ చూస్తాం. టైమింగ్ బెల్ట్ సంగతి అడగం.

ఇది ఇంజన్ పక్కన కవర్ లోపల ఉండే పళ్ల రబ్బరు బెల్ట్. క్రాంక్ షాఫ్ట్‌తో పాటు, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌ను సరైన టైముకు తిప్పుతుంది. జడ్చర్ల దగ్గరో, నకిరేకల్ దగ్గరో హైవే మీద తెగిందంటే బండి అక్కడే ఆగిపోతుంది. డీజిల్ ఇంజన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. ఇక హెడ్ విప్పాల్సిందే. బెల్ట్ ధరకు ఎన్నో రెట్లు ఖర్చు.

అన్ని కార్లకూ బెల్ట్ ఉండదు. మారుతి 800, శాంట్రో జింగ్, డీజిల్ ఇండికాలకు బెల్ట్. స్విఫ్ట్ డీజిల్‌కు చైన్. మీ కారు మాన్యువల్‌లో గడువు చూడండి. సాధారణంగా 60 వేల నుంచి లక్ష కిలోమీటర్లు, లేదా నాలుగైదేళ్లు. బండి తిరగకపోయినా రబ్బరు పాడవుతుంది.

కవర్ తీయించి చూడండి. పగుళ్లు, ఊడిన పళ్లు, ఆయిల్ మరకలు ఉంటే మార్చాల్సిందే. పైకి బాగున్నా, బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క. ఆ ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి.

టెన్షనర్ బేరింగ్ కూడా కొత్తది వేయించండి. మార్కులు కలిపాక ఇంజన్‌ను చేత్తో రెండు రౌండ్లు తిప్పి, మళ్లీ కలిశాయని చూశాకే స్టార్ట్ చేయమనండి.

దారిలో బెల్ట్ తెగిందని అనుమానం వస్తే సెల్ఫ్ కొట్టొద్దు. టో చేయించండి.