ఫోన్ ఎత్తని విద్యార్థి

ఉపకార వేతనం అందుకునే ప్రతి విద్యార్థికీ ఒక మార్గదర్శిని జతచేసే పద్ధతి ఇప్పుడు చాలా సేవాసంస్థల్లో ఉంది. చేరిన కొత్తలో పిల్లలు అడక్కుండానే మెసేజ్‌లు పెడతారు. దసరా సెలవులు దాటేసరికి కొందరి నుంచి జవాబులు ఆగిపోతాయి. ఫోన్ మోగుతుంది, ఎత్తరు. "డబ్బు అందింది, ఇక మనతో పనేముంది" అనే మాట అప్పుడే పుడుతుంది. అలాంటివాళ్లు అసలే ఉండరని కాదు. అయితే ఆ మాట అనేముందు పిల్లవాడి వైపు నుంచి ఒకసారి చూడాలి.

పదో తరగతి వరకు ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివి, ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషులో ఫిజిక్స్ వింటున్నవాడు మొదటి పరీక్షల్లో దెబ్బతింటాడు. మనం ఫోన్ చేయగానే అడిగేది "మార్కులెన్ని?" అనే. జకాత్ సొమ్ముతో చదువుతూ ఫెయిలయ్యానని చెప్పుకోవడం కంటే ఫోన్ సైలెంట్‌లో పెట్టడం తేలిక. మరుసటి వారం మార్కుల సంగతితోపాటు ఎందుకు ఎత్తలేదో కూడా చెప్పుకోవాలి. బాకీ ఉన్నవాడు కొట్టు ముందునుంచి రాకుండా వెనక సందులోంచి పోయినట్టే ఇదీ. రోజులు గడిచేకొద్దీ ఇవ్వాల్సిన సంజాయిషీ పెద్దదవుతుంది. ఆ బాకీని ముందు మనమే కొట్టేయాలి.

అంతకంటే ముందు అతని నంబరు పనిచేస్తోందో లేదో కనుక్కోండి. రీచార్జి గడువు ముగిస్తే కొన్నాళ్లకు వచ్చే కాల్స్ కూడా ఆగిపోతాయి. 90 రోజులు వాడని సిమ్ రద్దయి, ఆ నంబరు మరొకరికి పోవచ్చు. వాట్సాప్‌లో ఒక్క టిక్కే కనబడుతుంటే మన మాట అతనికి చేరనే లేదు. ఆడపిల్లల విషయంలో ఫోన్ చాలాసార్లు అన్నదో నాన్నదో అయి ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటుందో, ఏ వేళకు చేయాలో చేరిన రోజే అడిగి రాసుకోవడం మంచిది.

నంబరు అతనిదేనని తేలాక ఇలా రాయవచ్చు: "అస్సలాము అలైకుం బాబూ. ఇన్నాళ్లు మాట్లాడలేదని నేనేమీ అనుకోవడం లేదు. సప్లిమెంటరీ ఫీజు కట్టాల్సి ఉంటే 1 అని, లేకపోతే 2 అని పెట్టు. ఇంకేమీ రాయనక్కర్లేదు."

ఫలితాల వేళ ఇలాంటి మెసేజ్ చాలా అవసరం. ఇంటర్ ఫలితాలు వచ్చాక సప్లిమెంటరీ ఫీజుకు ఇచ్చే గడువు కొద్ది రోజులే. రెండో ఏడాది విద్యార్థి సిగ్గుపడి ఆ గడువు దాటిస్తే మళ్లీ వార్షిక పరీక్షల దాకా ఆగాలి. ఈలోగా మెకానిక్ షెడ్డులోనో బట్టల కొట్లోనో పనికి కుదిరినవాడు తిరిగి పుస్తకం పట్టడం కష్టం.

స్కాలర్‌షిప్ ఆపేస్తామని రాస్తే జవాబు వెంటనే వస్తుంది, నిజమే. అందులో నిజం మాత్రం ఉండదు. "అంతా బాగుంది సార్" అని ఉంటుంది.

ముందే తండ్రికి ఫోన్ చేయడం కూడా సరికాదు. అది ఫిర్యాదు కింద లెక్క. తోటి విద్యార్థి ద్వారానో, లెక్చరర్ ద్వారానో "సార్ సలాం చెప్పమన్నారు" అని కబురు పంపితే చాలు. ఒక్క సందర్భంలో మాత్రం ఈ మొహమాటాలేవీ వద్దు. పిల్లవాడు హాస్టల్‌లో లేడని, ఎక్కడున్నాడో తెలియదని విన్నా, బతకాలని లేదన్న అర్థం వచ్చే మాట ఏదైనా రాసినా, ఆ క్షణమే ఇంటికీ హాస్టల్‌కూ ఫోన్ చేయాలి. మానసిక వేదనలో ఉన్నవారికోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు.

జవాబు వచ్చాక "ఇన్నాళ్లూ ఏమైపోయావు?" అనకండి. తిన్నావా అని అడగండి. రూములో ఎవరెవరున్నారో అడగండి. మార్కుల సంగతి రెండో ఫోన్‌లో అతనే ఎత్తుకుంటాడు, లేకపోతే మూడో ఫోన్‌లో మీరు ఎత్తండి.

కొన్ని జతలు ఎంత చేసినా కుదరవు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయికి ఉర్దూ వచ్చిన మహిళ తోడైతే మాట తేలిగ్గా సాగవచ్చు. అలా మార్చినప్పుడు ఫైలులో "స్పందించదు" అని రాసి పంపకండి. చివరిసారి ఏ తేదీన మాట్లాడిందో, దేని గురించి మాట్లాడిందో రాసి ఇవ్వండి.