ప్రకటన ఎందరిని చేరింది?

ఒక ప్రకటనను కనీసం ఒక్కసారైనా చూసిన వేర్వేరు మనుషుల సంఖ్యే దాని రీచ్. ఒకే మనిషి పదిసార్లు చూసినా రీచ్ ఒకటే. ఆ పదిసార్లను ఫ్రీక్వెన్సీ అంటారు. రీచ్ శాతాన్ని సగటు ఫ్రీక్వెన్సీతో గుణిస్తే జీఆర్పీ వస్తుంది. ప్రకటనల బేరసారాల్లో ఎక్కువగా వినిపించే అంకె ఇదే, మోసపుచ్చేదీ ఇదే. సగం మంది రెండేసి సార్లు చూసినా 100 జీఆర్పీయే, పదిశాతం మంది పదేసి సార్లు చూసినా 100 జీఆర్పీయే. కొత్త సబ్బును ఊరందరికీ పరిచయం చేయాలనుకునే కంపెనీకి ఈ రెండూ ఒకటి కావు.

రెండు ఛానెళ్ల రీచ్‌ను నేరుగా కూడకూడదు. ఒకటి 40 శాతం మందిని, మరొకటి 30 శాతం మందిని చేరితే మొత్తం 70 కాదు. రెండూ చూసేవాళ్లు 12 శాతం ఉంటే అసలు రీచ్ 58 మాత్రమే.

మన దేశంలో టీవీ ప్రేక్షకులను కొలిచేది బార్క్. 2015 నుంచి రేటింగులు ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలిపి ఒకే మార్కెట్‌గా చూస్తుంది. ఛానెల్ శబ్దంలో చెవికి అందని సంకేతం ఒకటి కలిసి ఉంటుంది. ఎంపిక చేసిన ఇళ్లలో టీవీ దగ్గర పెట్టిన మీటరు దాన్ని పట్టుకుని, ఏ ఛానెల్ ఎంతసేపు నడిచిందో నమోదు చేస్తుంది. టీవీ ముందు ఎవరున్నారో మాత్రం దానికి తెలియదు. అందుకే ఇంట్లో ఒక్కొక్కరికీ రిమోట్‌లో ఒక్కో బటన్ ఉంటుంది. చూడ్డానికి కూర్చున్నప్పుడు నొక్కాలి, లేచి వెళ్లేటప్పుడు మళ్లీ నొక్కాలి. పొయ్యి మీద పాలు పొంగుతుంటే వంటింట్లోకి పరుగెత్తిన ఇల్లాలు బటన్ మరిచిపోతే, ఆమె చూడని ప్రకటన కూడా చూసినట్టే లెక్క. ఈ పద్ధతి మొత్తంలో బలహీనమైన చోటు ఇదే.

మిగిలింది శాంపిల్ పరిమాణం. యాదృచ్ఛికంగా ఎంచుకున్న 1,000 మందిలో 10 శాతం ఒక కార్యక్రమం చూస్తే, జనాభాలో అసలు శాతం దాదాపుగా 8కీ 12కీ మధ్య ఉంటుంది. 100 మందినే అడిగితే ఆ హద్దులు 4 నుంచి 16 దాకా సాగుతాయి. చూసేవాళ్లు తక్కువగా ఉండే వార్తా ఛానెళ్ల అంకెలు వారం వారం ఊగిసలాడటానికి ఇదొక ముఖ్య కారణం. పైగా మీటరు పెట్టిన ఇళ్లు కొన్నే కాబట్టి, వాటి ఆచూకీ బయటపడితే కొందరిని ప్రలోభపెట్టి అంకెలనే మార్చేయవచ్చు. 2020 అక్టోబరులో ముంబయి పోలీసులు ఇలాంటి ఆరోపణలపైనే దర్యాప్తు మొదలుపెట్టాక బార్క్ వార్తా ఛానెళ్ల రేటింగులను ఆపేసింది. 2022 మార్చిలో తిరిగి మొదలైనప్పుడు వాటిని నాలుగు వారాల సగటుగా ఇచ్చారు.