బరువు - సమతూకము: ట్రాక్టరు ట్రక్కును గూర్చి

బండికి ఇరుసు ఎంత ముఖ్యమో, ఇరుసుకు సీల ఎంత ముఖ్యమో పల్నాటి రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. ఎద్దుబండిపై బస్తాలు వేసేటప్పుడు మన పెద్దలు ఒక నియమమును తప్పక పాటించేవారు. బరువు ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడలను అణచివేస్తుంది. వెనుకకు మొగ్గితే కాడి పైకి లేచి మెడతాళ్ళు గొంతుకు బిగుసుకుంటాయి. మూగజీవములైనా అవి తమ బాధను వెంటనే తెలిపేవి. బండివాడు దిగి బస్తాలను సర్దేవాడు. నేడు ఎద్దుల స్థానమున ట్రాక్టరు వచ్చినది. ఇనుమునకు నొప్పి లేదు. కనుక మన పొరపాటు కాలువకట్ట మీదనో, మలుపులోనో గాని బయటపడదు.

2025 ఫిబ్రవరి 9వ తేదీన ముప్పాళ్ళ మండలం బొల్లవరం వద్ద వ్యవసాయ కూలీలతో వస్తున్న ట్రాక్టరు బోల్తాపడి నలుగురు స్త్రీలు మరణించారు. ఆ దుర్ఘటనకు కారణములను నిర్ణయించుట ఈ వ్యాసము పని కాదు. కాని మన గ్రామాలలో ప్రతి ఇంటికీ పరిచయమైన ఈ వాహనమును గూర్చి విద్యావంతులమైన మనము కొంతైనా తెలిసికొనుట కర్తవ్యము.

ట్రాక్టరు వెనుక తగిలించే ట్రైలర్‌నే మనవారు ట్రక్కు అంటారు. ఇది రెండు విధములు. నాలుగు చక్రముల ట్రక్కు తన బరువును తానే మోసుకుంటుంది. రెండు చక్రముల ట్రక్కు బరువులో కొంత భాగమును ట్రాక్టరు కొక్కెముపై మోపుతుంది. సరుకును సర్దుటలో జాగ్రత్త ముఖ్యముగా దీనికే అవసరము.

ఒక లెక్క చూద్దాము. ఒక్కొక్కటి 40 కిలోల చొప్పున 75 మిర్చి టిక్కీలు వేశామనుకొందాము. మొత్తము 3,000 కిలోలు. కొక్కెమునకు, ట్రక్కు ఇరుసుకు మధ్య దూరము 3 మీటర్లు. సరుకు యొక్క గరిమనాభి ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందు ఉన్నచో కొక్కెముపై 300 కిలోల బరువు పడుతుంది. అదే 30 సెంటీమీటర్లు వెనుక ఉన్నచో, ఆ 300 కిలోల బలము కొక్కెమును పైకి ఎత్తుతుంది. అప్పుడు ట్రాక్టరు వెనుక చక్రములకు నేలపై పట్టు తగ్గుతుంది; ట్రక్కు అటూఇటూ ఊగులాడుతుంది. అట్లని సరుకంతా ముందుకే నెట్టరాదు. కొక్కెముపై భారము మితిమీరితే ట్రాక్టరు ముందు చక్రములు తేలిపోయి స్టీరింగు మాట వినదు. పందెపు కార్లను మోసే ట్రైలర్లకు సైతము ఇదే సూత్రము. మొత్తము బరువులో 10 నుండి 15 శాతము కొక్కెముపై ఉండునట్లు, ఇంజను ఏ వైపు ఉన్నదో గమనించి కారును ముందుకో వెనుకకో జరుపుతారు. దీనినే ఉర్దూలో తవాజున్ అనీ, తెలుగులో సమతూకమనీ అంటాము.

రెండవది ఎత్తు. కంకర బరువైనది, ట్రక్కులో సగము నిండకముందే పరిమితికి చేరుతుంది. ప్రత్తి, ఎండుమిర్చి తేలికైనవి. అందుచేతనే వాటిని మేడవలె పేరుస్తారు. గరిమనాభి పైకి పోయిన కొలదీ చిన్న వాలు సైతము బోల్తాకు చాలును. పై కరెంటు తీగల భయము దీనికి అదనము.

మూడవది ఆపుట. వేగము రెట్టింపైతే గతిశక్తి నాలుగింతలగును. గంటకు 15 కిలోమీటర్ల వేగములో ఆగిన బండి 30లోనూ అట్లే ఆగునని తలచరాదు. బ్రేకులు లేని ట్రక్కు, ట్రాక్టరు ఆగినను తాను ఆగక వెనుక నుండి నెడుతుంది. కనుక కొనేటప్పుడు రంగును, బొమ్మలను గాక, బ్రేకులను, టైర్లను, కొక్కెమును, ట్రాక్టరు శక్తికి తగిన బరువు పరిమితిని చూడవలెను. పొలములో చిన్న మలుపు తిరుగుటకై కుడి, ఎడమ బ్రేకు పెడళ్ళను విడదీస్తారు. రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ తప్పక కలపవలెను. లేనిచో ఒక ప్రక్క చక్రమే ఆగి, బండి ఆ ప్రక్కకు తిరిగిపోవును. దిగుడులో న్యూట్రల్ చేయరాదు. చిన్న గేరులోనే దిగవలెను. కొక్కెము సీలకు క్లిప్పు, దానికి తోడు గొలుసు, వెనుక ఎర్రదీపము - ఇవి ఖర్చు తక్కువ, ఫలము ఎక్కువ.

మోటారు వాహనాల చట్టము (1988) అధిక బరువును నిషేధించినది. 2019 సవరణ ప్రకారము జరిమానా 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకు మరి 2,000. అయినను జరిమానా భయము కంటె ప్రాణభయము మేలైన గురువు.

చివరి మాట మనుషులను గూర్చి. బస్తా కట్టినచోట ఉంటుంది, మనిషి ఉండడు. మలుపులో అందరూ ఒకే ప్రక్కకు ఒరుగుతారు. పట్టుకొనుటకు ఆధారము లేదు. పైగా సరుకు పడితే మరల ఎత్తుకోవచ్చును. తెల్లవారుజామున కోతకు బయలుదేరే తల్లులకు ఆటోకో బస్సుకో ఖర్చు భరించుట కష్టమే. ఆ ఖర్చును కూలి బేరములోనే చేర్చుట పొలము యజమాని ధర్మము. మనలో సేద్యపు ఇండ్ల నుండి వచ్చినవారు ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు ఒక్కసారి ట్రక్కు కొక్కెము సీలను వంగి చూడండి. మనము చదివిన భౌతికశాస్త్రమునకు అంతకంటె మంచి పరీక్ష లేదు.