ఆసియా కప్‌కు తొలి మెట్టు బడి మైదానమే

అమలాపురం: కోనసీమలో ఆట అనగానే బ్యాడ్మింటన్‌ గుర్తుకొస్తుంది. అమలాపురానికి చెందిన సాత్విక్‌ సాయిరాజ్‌ అంతర్జాతీయ విజయాలే ఇందుకు కారణం. ఆడపిల్లల ఫుట్‌బాల్‌ ప్రస్తావన మాత్రం అరుదు. అయితే ఆ ఆటలోనూ గ్రామీణ బాలికలకు దారి ఉందని 2025 జులై 5న భారత జట్టు చాటింది. ఆనాడు చియాంగ్‌మాయ్‌లో ఆతిథ్య థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి, 2026 మార్చి ఆస్ట్రేలియా ఆసియా కప్‌కు అర్హత పొందింది. రెండు గోల్సూ సంగీతా బస్ఫోర్‌వే. అర్హత పోటీల్లో నెగ్గి ఈ టోర్నీలో స్థానం సంపాదించడం భారత్‌కు అదే ప్రథమం.

చేజారిన అవకాశం

మహిళల ఆసియా కప్‌ 1975లో హాంకాంగ్‌లో ఆరంభమైంది. కాలికట్‌లో జరిగిన మూడో టోర్నీలో, 1983లో బ్యాంకాక్‌లో భారత్‌ ద్వితీయ స్థానంలో నిలిచింది. అనంతరం జట్టు వెనుకబడింది. 2022లో ఆతిథ్య దేశంగా బరిలోకి దిగినా కరోనా దెబ్బతీసింది. చైనీస్‌ తైపీతో మ్యాచ్‌కు కనీసం 13 మంది క్రీడాకారిణులను సమకూర్చుకోలేక టోర్నీ నుంచే వైదొలగింది.

ప్రపంచకప్‌కు ఇదే వాకిలి

ఆ నష్టం ఒక్క టోర్నీతో పోలేదు. ఆసియా దేశాలకు ప్రపంచకప్‌ అర్హత ఈ పోటీల్లోనే తేలుతుంది. 2026 టోర్నీకి నిర్ణయించిన విధానం ప్రకారం 12 జట్లను మూడు గ్రూపులుగా విభజిస్తారు. వాటిలో ఎనిమిది జట్లు క్వార్టర్‌ ఫైనల్స్‌కు చేరతాయి. సెమీస్‌ చేరిన నాలుగింటికి 2027 బ్రెజిల్‌ ప్రపంచకప్‌లో నేరుగా స్థానం దక్కుతుంది. క్వార్టర్స్‌లో ఓడిన నాలుగు జట్లు మరో రెండు స్థానాల కోసం తలపడతాయి. అక్కడా ఓడిన రెండింటికి ఇతర ఖండాల జట్లతో ఆడే చివరి అవకాశం మిగులుతుంది.

మన తెలుగమ్మాయి

అర్హత పోటీల భారత జట్టులో నిజామాబాద్‌ జిల్లాకు చెందిన గుగులోత్‌ సౌమ్య ఉన్నారు. ఆమె 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌ క్లబ్‌లో చేరారు. 2024-25లో ఇండియన్‌ ఉమెన్స్‌ లీగ్‌ విజేత ఈస్ట్‌ బెంగాల్‌ తరఫున ఆడి, అఖిల భారత ఫుట్‌బాల్‌ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకున్నారు.

ఎక్కవలసిన మెట్లు

మొదటిది పాఠశాల జట్టు. సుబ్రతో కప్‌లో అండర్‌-17 బాలికల విభాగం ఉంది. తర్వాత రాష్ట్ర జట్టు, సీనియర్లకు రాజమాత జిజాబాయి ట్రోఫీ, ఆపై ఉమెన్స్‌ లీగ్‌. వీటిలో రాణించిన వారిపైనే జాతీయ శిబిరం దృష్టి పడుతుంది. వయోవిభాగ పోటీలకు పుట్టిన తేదీ ధ్రువపత్రం తప్పనిసరి కనుక తల్లిదండ్రులు ముందే సిద్ధం చేసుకోవాలి.

అంతర్జాతీయ మైదానం కొలత 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే సుమారు ఎకరం ముప్పాతిక. కొబ్బరితోటలు, వరిచేల నడుమ అంత ఖాళీ జాగా దొరకడం సులభం కాదు. అయితే చిన్నారులు జట్టుకు ఐదుగురు, ఏడుగురు చొప్పున ఆడేందుకు అంత స్థలం అక్కరలేదు. రాజోలు, కొత్తపేట పల్లెల్లోని బడి ఆవరణ చాలు. సాయంత్రం గంట సేపు ఆ ఆవరణను బాలికలకూ వదలడమే తొలి మెట్టు.