ఆల్ ఇంగ్లండ్ విలువ ఎక్కడుంది?

బ్యాడ్మింటన్‌లో 1977లో ప్రపంచ చాంపియన్‌షిప్, 1992లో ఒలింపిక్స్‌లో పతకాల పోటీ మొదలయ్యాక ఆల్ ఇంగ్లండ్‌ది పాత వైభవమేనని కొందరంటారు. 1899లో లండన్‌లో డబుల్స్‌తోనే మొదలై, మరుసటి ఏడాది సింగిల్స్ కలుపుకుని, రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో తప్ప ఇంచుమించు ఏటా జరుగుతున్న ఈ పోటీ చాలాకాలం అనధికార ప్రపంచ చాంపియన్‌షిప్‌గా చెలామణి అయిన మాట నిజమే. కానీ ఒలింపిక్స్ సింగిల్స్‌లో ఒక్కో దేశం నుంచి ఇద్దరికి మించి ఆడనివ్వరు. ఇక్కడ అలాంటి పరిమితి లేదు, ర్యాంకు ఉంటే చాలు. చైనా నుంచి నలుగురు మేటి ఆటగాళ్లుంటే నలుగురూ బరిలో దిగుతారు. అందుకే ఈ టైటిల్ నెగ్గడం ఒక్కోసారి పతకం కంటే కష్టం.

పుట్టిన దేశానిదే పెత్తనమనడానికీ వీల్లేదు. పురుషుల సింగిల్స్‌ను ఎనిమిదిసార్లు గెలిచింది ఇండోనేసియాకు చెందిన రూడీ హార్టోనో. మన దేశానికి సింగిల్స్‌లో దక్కినవి రెండే: 1980లో ప్రకాశ్ పదుకొనె, 2001లో పుల్లెల గోపీచంద్. ఆ రెండో విజయం పోటీ జరిగిన బర్మింగ్‌హామ్‌తో ఆగిపోలేదు. గోపీచంద్ హైదరాబాద్‌లో పెట్టిన అకాడమీలో సాధన చేసిన సైనా నెహ్వాల్, పి.వి. సింధు ఒలింపిక్ పతకాలు తెచ్చారు. అంతటి సైనా 2015లో ఫైనల్లో ఓడింది. ప్రపంచ చాంపియన్ అయిన సింధుకు ఈ టైటిల్ ఇంకా అందలేదు. ఈ పోటీ ఎంత కఠినమో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు కనబడదు.