మెడికల్ కాలేజీలో ఇన్‌స్పెక్షన్ రోజు ఏం జరుగుతుంది?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు, "అన్నా, మెడికల్ పేపర్ లీకుల మీద వీడియో చెయ్యి" అని. లీక్ మనందరికీ తెలిసిన కథే. 2016లో తెలంగాణలో ఎంసెట్-2 లీకైతే పరీక్ష రద్దు చేసి, పిల్లల చేత ఎంసెట్-3 రాయించారు. కానీ లీకుల కంటే పెద్ద దందా ఇంకోటుంది, దాని గురించి ఎవరూ రీల్స్ చెయ్యరు. అదే కాలేజీకి పర్మిషన్ ఇచ్చే చోటు.

ముందు డబ్బుల లెక్క చూద్దాం. తెలంగాణ ప్రైవేట్ కాలేజీలో కన్వీనర్ కోటా ఎంబీబీఎస్ సీటు ఫీజు ఏడాదికి 60 వేలు. అదే కాలేజీలో, అదే బెంచీ మీద కూర్చునే బీ కేటగిరీ స్టూడెంట్ ఏడాదికి 11.55 లక్షలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే కడతాడు. అంటే ఒక్కో కొత్త సీటు ఏళ్ల తరబడి డబ్బు కురిపించే ఆస్తి అన్నమాట. ఆ సీటు ఇవ్వాలా వద్దా అనేది ఢిల్లీలో ఒక ఫైల్ మీద ఆధారపడి ఉంటుంది. 1993లో చట్టం సవరించి, కొత్త కాలేజీ పెట్టాలన్నా సీట్లు పెంచాలన్నా కేంద్రం అనుమతి తప్పనిసరి చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ అక్కడే ఒక టోల్‌గేట్ లేచింది.

ఆ గేటు దగ్గర కూర్చున్నది ఎంసీఐ, అంటే మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. 2010 ఏప్రిల్‌లో దాని అధ్యక్షుడినే సీబీఐ అరెస్ట్ చేసింది. పంజాబ్‌లో ఒక కాలేజీకి గుర్తింపు కోసం 2 కోట్ల లంచం అని ఆరోపణ. నెల తిరక్కుండానే కౌన్సిల్‌ని రద్దు చేశారు. తర్వాత మళ్లీ వచ్చింది. 2016లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఎంసీఐని గట్టిగా ఏకిపారేశాక, 2019లో కొత్త చట్టం చేసి, 2020 సెప్టెంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్ తెచ్చారు. ఎంసీఐలో డాక్టర్లు ఎన్నుకున్న సభ్యులు ఉండేవాళ్లు, ఎన్ఎంసీలో ఎక్కువమందిని ప్రభుత్వమే నియమిస్తుంది. మరి దందా ఆగిందా?

2025 జూన్ ఆఖర్లో సీబీఐ ఇంకో కేసు పెట్టింది. అందులో ఆరోపణలు వింటే మతిపోతుంది. ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు, ఎవరు వస్తున్నారు అనే సమాచారం మంత్రిత్వ శాఖలోంచే కాలేజీలకి ముందే చేరిపోయిందట. ఆ రోజుకి మాత్రమే కనపడే ప్రొఫెసర్లు, రోగుల్లా నటించడానికి తెచ్చిన జనం, బయోమెట్రిక్ హాజరు కోసం క్లోన్ చేసిన వేలిముద్రలు. ఇవన్నీ ఇంకా కోర్టులో తేలాల్సినవే, అది గుర్తుపెట్టుకోండి. ఆ కేసుకి ముందే, 2025 మే నుంచి ముఖం చూసి, జీపీఎస్‌తో హాజరు వేసే యాప్‌ని ఎన్ఎంసీ తప్పనిసరి చేసింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ని కాబట్టి చెప్తున్నా, లాగిన్ ఎంత గట్టిగా కట్టినా, అడ్మినే పాస్‌వర్డ్ బయట పెడితే ఏం లాభం? ప్రొఫెసర్ కాలేజీ గేటు దగ్గర ముఖం చూపించి ఇంటికెళ్లిపోతే జీపీఎస్ ఏం చేస్తుంది? హాజరు కాదు, పని లెక్కపెట్టాలి. ఏ రోజు ఎన్ని ఓపీలు, ఎన్ని కాన్పులు, ఎన్ని ఆపరేషన్లు, ఎవరు చేశారు అనేది కాలేజీ వారీగా ప్రతి నెలా అందరికీ కనపడేలా పెడితే, ఒక్క రోజు కోసం బస్సులో తెచ్చిన రోగులు ఆ గ్రాఫ్‌లో ఇట్టే దొరికిపోతారు. చదువు చివర్లో దేశమంతటికీ ఒకే పరీక్ష, నెక్స్ట్, 2019 చట్టంలోనే రాసుకున్నారు. అది వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. దాంట్లో ఏ కాలేజీ పిల్లలు ఎంతమంది పాసయ్యారో బయటికొస్తే, సగం ఇన్‌స్పెక్షన్ అక్కడే అయిపోతుంది.

"మనకెందుకు బ్రో, మనం బీటెక్" అంటారా? రోగులే లేని కాలేజీలో చదివిన డాక్టర్ రేపు మీ అమ్మకి సూది వేస్తాడు.

ఇక ప్రభుత్వ ఆస్పత్రుల సంగతి. మా నానమ్మని ఒక గవర్నమెంట్ హాస్పిటల్‌కి తీసుకెళ్తే, స్ట్రెచర్ తోసినాయన లిఫ్ట్ దగ్గర ఆపి 200 అడిగాడు. కోపం వచ్చింది, కానీ ఇచ్చా. అలాంటి చిల్లర లంచాలు కళ్లకి కనపడతాయి. మందుల కొనుగోళ్లలో పోయేది కనపడదు. దీనికి తమిళనాడు దగ్గర ఒక పాత జవాబు ఉంది. 1994లో వాళ్లు టీఎన్ఎంఎస్‌సీ అనే కార్పొరేషన్ పెట్టారు. రాష్ట్రం మొత్తానికి ఒకేచోట టెండర్, సాంకేతిక అర్హతకి ఒక కవర్, ధరకి ఇంకో కవర్. వచ్చిన మందుని ల్యాబ్‌లో పరీక్షించాకే ఆస్పత్రులకి పంపుతారు. ప్రతి ఆస్పత్రికీ ఒక పాస్‌బుక్, అందులో ఉన్నంత వరకే మందులు తీసుకోవాలి. పెద్ద టెక్నాలజీ ఏం లేదు, బ్యాంకు పుస్తకం ఐడియానే! ఏపీలో, తెలంగాణలో కూడా ఇలాంటి కార్పొరేషన్లు ఉన్నాయి. అయినా "మందు లేదు, బయట కొనుక్కోండి" అనే చీటీ మనకి ఇంకా తెలిసిన చీటీనే. కార్పొరేషన్ బోర్డు కట్టడం తేలిక, ల్యాబ్ రిపోర్టుని, బిల్లుల చెల్లింపుని టైముకి నడపడమే కష్టం.

ఇంకో మాట. 2022లో తెలంగాణ, కొత్తగా ప్రభుత్వ సర్వీసులో చేరే డాక్టర్లకి ప్రైవేట్ ప్రాక్టీస్ వద్దంది. నాకైతే నచ్చింది. డాక్టర్ ఫ్రెండ్ ఒకడు మాత్రం "ముందు టైముకి జీతం, క్వార్టర్స్ ఇవ్వమను" అన్నాడు. వాడి మాటా కొట్టిపారేయలేను.

మీ ఊరి ఆస్పత్రిలో బయటికి రాసిచ్చిన మందు పేరేంటో కామెంట్‌లో పెట్టండి, మీ పేరు, పేషెంట్ పేరు మాత్రం వద్దు. ఎక్కువసార్లు వచ్చిన మందులు తీసుకుని, అవి ప్రభుత్వ లిస్టులో ఉన్నాయో లేవో వచ్చే ఎపిసోడ్‌లో ఒక్కోటీ చూద్దాం.