నడివయస్సులో గురుశుశ్రూష

సకల విద్యలూ నేర్చిన తరువాతనే నారదమహర్షి శిష్యుడై సనత్కుమారుని చేరాడని ఛాందోగ్యోపనిషత్తు చెబుతున్నది. అప్పుడు ఆ గురువు వెంటనే పాఠం ఆరంభించలేదు. నీకు తెలిసినదేదో ముందు చెప్పమని, ఆపైది తాను బోధిస్తానని అన్నాడు. వయస్సు వచ్చినవానికి విద్య చెప్పే పద్ధతి అంతా ఆ ఒక్క మాటలో ఉన్నది.

ప్రొద్దుటూరులో బంగారు అంగడి నడిపే వర్తకుడు, జమ్మలమడుగులో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, పులివెందుల చీనీతోటల రైతు, ఇంటిపని ముగించుకొన్న గృహిణి - గీతార్థమో, సంస్కృతమో నేర్వాలని కోరుకొనేవారు మన మధ్య ఎందరో ఉన్నారు. ఇల్లు విడిచి గురుకులానికి పోలేరు. చేతిలో సెల్‌ఫోను మాత్రం ఉన్నది. దాని ద్వారా విద్య అబ్బుతుందా అన్నది వారి ప్రశ్న.

ఈ ప్రశ్నను మనకన్నా ముందే ఎదుర్కొన్నవారు క్రైస్తవ విద్యాసంస్థలవారు. లండన్ మిషన్ వారి క్యాంబెల్ ఆసుపత్రి వలన జమ్మలమడుగు పెద్దలకు ఆ సమాజం పరిచితమే. వారి ఉన్నతవిద్యకు మన దేశంలో ప్రాచీనపీఠం వంగదేశంలోని శ్రీరాంపూర్ కళాశాల. 1818లో స్థాపితమై, 1827లో డెన్మార్క్ రాజు శాసనంతో పట్టాలిచ్చే అధికారం పొందింది.

అయితే మతవిద్య కోసం పట్టణానికి వెళ్ళినవారిలో పలువురు మరల పల్లెకు రాలేదు. పల్లెలో సంఘాన్ని నడిపే పెద్దకేమో పొలమూ సంసారమూ విడిచే వీలు లేదు. మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో ఒక విద్యాలయంవారు 1963లో దీనికి ఉపాయం కనిపెట్టారు. శిష్యుడు గురువు వద్దకు రాలేకపోతే గురువే శిష్యుని ఊరికి వెళ్ళాలి. విద్యార్థి ఇంటివద్ద పాఠం చదువుకొంటాడు; నియమితదినాన చిన్న బృందంగా గురువుతో కూర్చొని, చదివినదానిని తన అనుభవంతో పోల్చి చర్చిస్తాడు. 1971లో బెంగుళూరు కేంద్రంగా ఈ పద్ధతి మన దేశంలోనూ మొదలైంది. 2020లో మహమ్మారి వచ్చి తరగతి గదులు మూతపడినప్పుడు ఇటువంటి సమావేశాలు ఎన్నో తెరమీదికి చేరాయి.

ఇందులో మనం గ్రహించవలసిన మర్మం ఒకటున్నది. అక్కడ పాఠం వినిపించడానికి గురువు అక్కరలేదు, పుస్తకమే చాలును. ప్రశ్నించడానికి, సందేహం తీర్చడానికి, తప్పు దిద్దడానికి గురువు కావాలి. మన పెద్దలు చెప్పిన శ్రవణ మననాల భేదమే ఇది. ప్రతిరోజూ ఫోనులో ప్రవచనం వినడం శ్రవణం. అది పుణ్యప్రదమే, కాని అంతటితో అధ్యయనం పూర్తి కాదు.

వేదపాఠం మాట వేరు. తెరమీద శబ్దం ఒక్క క్షణం ఆలస్యంగా చేరుతుంది. పదిమంది కలిసి సంత చెప్పుకోబోతే స్వరాలు ఒకదానిపై ఒకటి పడి చెదరిపోతాయి. సంభాషణకై అమర్చిన యంత్రం సాగదీసిన స్వరాన్ని రొదగా భావించి అణచివేయడమూ కద్దు. ఉదాత్తానుదాత్తాల తేడా తెలియనిచోట దిద్దుబాటు ఎట్లా సాధ్యం? కనుక స్వరవిద్యకు గురుసన్నిధి తప్పదు. గీతార్థానికి, ఉపనిషద్విచారానికి, సంస్కృత వ్యాకరణానికి మాత్రం తెర అడ్డు కాబోదు.

మీరు నేర్వదలచినట్లయితే ఒక్క పరీక్ష చేయండి. తాను చెప్పుకొంటూ పోయే గురువును కాక, మీకేమి తెలుసునని అడిగే గురువును ఆశ్రయించండి. వారానికొక్క గంట అయినా మీచేత చెప్పించుకొని వినే ఆచార్యుడు దొరికితే, ఆయన ఎన్ని యోజనాల దూరాన ఉన్నా మీకు సమీపస్థుడే. తక్కెడ పట్టినవానికి సమత్వమంటే ఏమిటో కొంత తెలుసును. తోట పెంచినవానికి ఫలాపేక్ష ఎంత బలమైనదో తెలుసును. ఆ తెలివినే పెట్టుబడిగా పెట్టుకొని గీత తెరవండి. వయస్సు మళ్ళిందని సిగ్గుపడవలదు. నారదుడు సైతం అన్నీ చదివిన పిమ్మటనే శిష్యుడైనాడు.